ప్యాకేజీ గదుల మధ్య మా ఇల్లు

ఆ ఇల్లు చూడగానే నాకు నచ్చింది. అందుకే అనుమానం వచ్చింది. నాకు నచ్చిన వస్తువు మాకు అందే ధరలో దొరకడం అంతకు ముందెప్పుడూ జరగలేదు. చీరల దగ్గర జరగలేదు, మిక్సీ దగ్గర జరగలేదు, ఇంటి దగ్గర ఎందుకు జరుగుతుంది? "ఇంత మంచి ఇల్లు ఎందుకమ్ముతున్నరు?" అని అడిగాను. ఇంటాయనకు అక్కడి బస్టాండు ఎదురుగా చెప్పుల దుకాణం ఉంది. పళ్ళన్నీ కనబడేట్టు నవ్వి, "మంచిర్యాలల షాపు పెడుతున్నమ్మా, ఇక్కడ గిరాకి లేదు" అన్నాడు. గిరాకి లేని మనిషికి అంత నవ్వు ఎట్లా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఊరి పేరు రాయను. గోదావరిఖనిలో షేర్ ఆటో ఎక్కి, మోకాళ్ళు ఎదుటివాళ్ళ మోకాళ్ళకు కొట్టుకుంటూ కొంత దూరం పోతే వస్తుంది. బస్టాండు, పోలీస్ స్టేషను, రెండు టిఫిన్ బండ్లు, బుధవారం నాడు అంగడి. పల్లె అంటే ఊరివాళ్ళు ఒప్పుకోరు, పట్నం అంటే ఎవరూ ఒప్పుకోరు.

నేను గోదావరిఖనిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి, మా ఆయన రిటైరయ్యే ముందే మానుకున్నాను. పరీక్ష హాల్లో ఏ చెయ్యి ఎటు పోతుందో చూసీ చూసీ నా చూపే అట్లా అయిపోయింది. కూరగాయలామె తూకంలో ఒక వంకాయ ఎక్కువ వేస్తే అది పుచ్చుదేమోనని తిప్పి చూస్తాను. "ప్రార్థనల గూడ నువ్వు ఒక కన్ను తెరిచే ఉంటవ్" అంటాడు మా ఆయన. ఆయన ఆ సంగతి చూశాడంటే ఆయన కన్ను కూడా తెరిచే ఉందన్నమాట.

ఆయనది బొగ్గు కంపెనీలో సర్వే సెక్షన్. ఆఫీసరు కాదు. మిషను పెట్టి చూసేవాళ్ళకు ఎదురుగా, దూరంగా, కొలత కర్ర పట్టుకుని కదలకుండా నిలబడే పని. టేపు లాగడం, ముళ్ళకంప నరకడం, హద్దురాళ్ళు పాతడం. సర్వీసంతా ఇతరుల చేలల్లో నిలబడ్డాడు. సాయంత్రం ఇంటికొచ్చాక "ఇయ్యాల ఏం చేసిన్రు?" అంటే "కొలిచినం" అనేవాడు. ఎక్కడ అంటే "బయట" అనేవాడు. ఊళ్ళకు ఊళ్ళే తవ్వుకుపోయే కొత్త ఓపెన్‌కాస్టు గని ఎటువైపు వస్తుందో తెలుసుకుందామని మా క్వార్టర్ల లైనులో మగవాళ్ళు ఆయనకు ఎన్ని టీలు తాగించారో లెక్కలేదు. టీలు తాగి వచ్చేవాడు, అంతే.

పెళ్ళయిన నాటి నుంచి మాది క్వార్టరే. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు అవుతుంది. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితే అలమారలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. రిటైరైతే ఖాళీ చెయ్యాలని అందరికీ తెలుసు, అయినా ఎవరికీ తెలియనట్టే ఉంటాం. నాకు మాత్రం ఒకటే కోరిక ఉండేది. నేను ఒక మేకు కొడితే, ఆ మేకును పీకమని ఎవరూ అడగని గోడ కావాలి. చచ్చేదాకా కదలనక్కరలేని ఇల్లు కావాలి. ఈ మాట మా ఆయనకు చాలాసార్లు చెప్పాను. విన్నాడో లేదో నాకు తెలియదు, ఆయన మొహం అట్లాంటిది.

రిటైర్మెంటు దగ్గర పడ్డాక ఇళ్ళు చూడడం మొదలైంది. ఖనిలో ఒకటి చూపిస్తే వద్దన్నాడు. మంచిర్యాలలో ఫ్లాటు చూపిస్తే లిఫ్టు వైపు చూసి వెనక్కి తిరిగాడు. ఆఖరికి తనే ఈ ఊరు పేరు చెప్పాడు. ఊరే కాదు, వీధి కూడా చెప్పాడు. "ఆ వీధే ఎందుకు?" అంటే "గాలి మంచిగుంటది" అన్నాడు. పక్క వీధిలో గాలి రాదా అని అడిగితే పేపరు తిరగేశాడు.

నేను ఊరికే ఒప్పుకునే రకం కాదు. మొదటిసారి పోయినప్పుడు నల్లాలన్నీ తిప్పాను, కిటికీలన్నీ తెరిచి మూశాను. రెండోసారి చెప్పకుండా, జోరుగా వాన పడుతున్న రోజు, ఆటో మాట్లాడుకుని పోయాను. ఎక్కడైనా కురుస్తుందేమో చూద్దామని. ఎక్కడా చుక్క పడలేదు. ఇంటాయన తడిసి ముద్దయిన నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. కొత్త తువ్వాలు కూడా ఇచ్చాడు. ఇంత మర్యాద ఎందుకో అని ఆ చాయ్ కూడా భయపడుతూనే తాగాను.

రిజిస్ట్రేషన్ నా పేరు మీద చేయించాడు మా ఆయన. ఆడవాళ్ళందరూ సంతోషపడే విషయం. నేను మాత్రం ఆఫీసు నుంచి బయటికి వచ్చేదాకా, తన పేరు ఎందుకు వద్దనుకున్నాడా అని ఆలోచించాను.

దిగిన వారం పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. పక్కింటామె అడగకుండానే వచ్చి బోళ్ళు తోమి, అన్నం వార్చి, ఎంగిలాకులు ఎత్తింది. బీడీలు చుట్టి, ఒక బర్రెను పెట్టుకుని బతికే మనిషి. భర్త బొగ్గు టిప్పరు నడుపుతాడు. నాకంటే బాగా చిన్నది. మొదటి రోజు నుంచే "అక్కా" అంది. చెంబెడు పాలు తెచ్చి నా చేతిలో పెట్టి పోయేది. పైసలిస్తే "పక్కపొంటి ఉండి పైసలేందక్కా" అనేది. నేను పాలు పొయ్యి మీద పెట్టి, మీగడ ఎంత కడుతుందో చూశాను. మందంగా కట్టింది.

నెల తిరక్కుండానే చెప్పుల దుకాణం ఆయన వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చున్నాడు.

"సార్, ఇల్లు వాపస్ ఇస్తరా? మీరిచ్చిన దానికంటే ఎక్కువే ఇస్త."

"ఎందుకు?" అన్నాను నేను, మా ఆయన నోరు తెరవకముందే.

"అమ్మా, సారు సర్వేల చేసిన్రని నాకు ఎవలు చెప్పలే. తెలిస్తే అమ్ముదునా?"

మా ఆయన "నువ్వు అడగలే గదా" అన్నాడు శాంతంగా. చెప్పులాయన లేచి, వెళ్ళేటప్పుడు గుమ్మం మీద చెయ్యేసి ఒకసారి ఇంటి లోపలికి చూసి పోయాడు. నాకేమీ అర్థం కాలేదు. పక్కింటామెను అడిగాను. ఆమె బీడీలు చుట్టే చేట ఒళ్ళో పెట్టుకుని, నేను తనతో నవ్వులాట ఆడుతున్నానా అన్నట్టు చూసింది.

"నీకు తెల్వదా అక్కా? ఓపెన్‌కాస్టు గిటే వస్తదని ఎన్నో ఏండ్ల సంది అంటున్నరు. వస్తే ఇండ్లన్ని కొలుస్తరు, ఎంత కట్టడం ఉంటే అంత ప్యాకేజీ పైసలిచ్చి తీసుకుంటరు. ఎంతకు రాకపోయేసరికి ఆ చెప్పులాయనకు ఇసుగొచ్చి అమ్ముకున్నడు. ఇప్పుడు సర్వే సారే వచ్చి కొన్నడంటే మరి... వచ్చినట్టే గదా."

ఆ సాయంత్రం వీధి చివరిదాకా నడిచాను. అంతవరకు చూసీ చూడనివన్నీ కనిపించాయి. దాదాపు ప్రతి ఇంటి వెనకా ఒక గది, కొన్నిచోట్ల రెండు. మట్టితో పేర్చిన ఇటుక గోడలు, పైన రేకులు. తలుపు ఉంటే గడియ లేదు. గోడకు స్విచ్చు బోర్డు ఉంది, తీగ లేదు. వంటగదిలాంటి దాంట్లో గట్టు ఉంది, దాని మీద ఎప్పుడూ పొయ్యి వెలగలేదు. ఒకదాంట్లో కోళ్ళను తోలారు. మనుషులు ఉండడానికి కట్టినవి కావు అవి, ఆఫీసువాళ్ళు వచ్చి టేపు పట్టడానికి కట్టినవి. బొగ్గు బెల్టులో పుట్టి పెరిగిన నేను ప్యాకేజీ గదుల గురించి వినకపోలేదు. వాటి మధ్యన వచ్చి కాపురం పెడతానని మాత్రం అనుకోలేదు.

ఇక నా అనుమానమంతా ఇంట్లోకే మళ్ళింది. ఇంత మంది టీలు తాగించినా నోరు విప్పని మనిషి, వచ్చి ఈ వీధిలోనే కొన్నాడంటే? ఈ ఇల్లు నాకోసం కొన్నాడా, కొలతకోసం కొన్నాడా? అడిగేశాను.

"ఏమయ్యా, ఈ ఇల్లు ఉంటదా, పోతదా?"

"ఉండక యాడికి పోతది?" అన్నాడు గోడ వైపు చూస్తూ.

"నా మొహం చూసి చెప్పు."

"చెప్పిన గదనే" అని గడ్డపార తీసుకుని పెరట్లోకి పోయాడు. పెరడు చేటంత. అందులో మామిడి మొక్కలు పెట్టాడు, దగ్గర దగ్గరగా. అది చూసి ఎదురింటాయన మర్నాడే ఆటోలో మామిడి మొక్కలు దింపించాడు. చెట్లకు కూడా ప్యాకేజీ ఉంటుంది కదా. వారం తిరిగేసరికి వీధిలో మొక్క పెట్టని ఇల్లు లేదు. మా ఆయన స్నానాల గదికి సున్నం వేయిస్తే రెండిళ్ళలో సున్నం పడింది. ఆయన ఊరికే గేటు దగ్గర నిలబడి ఆకాశం చూస్తే, ఎదురింటి మేడ మీద ఇద్దరు నిలబడి అదే దిక్కు చూశారు. మా ఇల్లు మాకు ఇల్లు, ఊరికి పంచాంగం.

ఇంతలో నాకు ఇంకో కష్టం వచ్చిపడింది. ఆ ఇల్లు నాకు రోజురోజుకూ ఇంకా నచ్చుతోంది. దండెం మీది తెల్లచీర తెల్లగానే దిగుతోంది. పొద్దున సైరన్ లేదు, పిట్టలు ఉన్నాయి. బుధవారం అంగడికి పోయి, పక్కింటామెతో కలిసి చేపలు బేరం చేసి, దారిలో ఉడికించిన శనగ గుడాలు కొనుక్కుని తింటూ వచ్చేదాన్ని. సాయంత్రం ఇద్దరం సర్వపిండి చేసుకుని గద్దె మీద కూర్చుని తినేవాళ్ళం. ఆమెకు చదవడం నేర్పిస్తానంటే, "నాకెందుకక్కా, నువ్వు చదువు, నేను వింట" అనేది. నిజం చెప్పాలంటే అంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. సుఖంగా ఉన్న ప్రతిసారీ, దీన్ని కొలిచి తీసుకుపోతారన్న మాట గుర్తొచ్చి నోట్లో ముద్ద చేదయ్యేది. ఒక్క మేకు కొట్టలేదు. పెళ్ళిఫొటో, వాక్యాల క్యాలెండరు, బడిలో ఇచ్చిన జ్ఞాపిక, అన్నీ అట్టపెట్టెలోనే ఉన్నాయి. పోయే గోడకు మేకు ఎందుకు?

పక్కింటామెకు మాత్రం వెనక గది లేదు. మా ఇల్లు కాక వీధి మొత్తంలో ఆమెకే లేదు. ఒకరోజు పాలచెంబు నా చేతికిచ్చి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"అక్కా, వచ్చే బుధవారం బర్రెను అంగడికి కొట్టుకపోతున్నం. ఆ పైసలతోని వెనక ఒక రూమన్న ఏద్దామంటున్నడు మా ఆయన. అందరియ్యి కొలిచి మాది ఉట్టిదే ఉంటే ఎట్ల? నువ్వు సారును అడుగరాదు, ఎప్పుడొస్తరో. ఎండకాలం దాక ఆగొచ్చా అని."

బర్రె దొడ్లో నిలబడి ఆమె గొంతు విని తల తిప్పింది. బీడీల కూలి పక్కన పెడితే, ఆ ఇంట్లో రోజూ పైసలు తెచ్చేది అదొక్కటే. టిప్పరు జీతం ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు.

ఆ సాయంత్రం మా ఆయనను వదల్లేదు. అన్నం పెట్టను అనలేదు కానీ, అన్నం ఆయన ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. "ఆమె బర్రెను అమ్ముతున్నది. నాకు నిజం చెప్పు. ఇల్లు పోయేదైతే పోయేదని చెప్పు, నేను ఏడ్చేది ఏడుస్త. గిట్ల గోడలు చూసుకుంట బతకలేను."

ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే "దా, నడుద్దాం" అన్నాడు. వీధి దాటి, చెరుకు బండి నిలిపే చోటు దాటి, తుమ్మకంపల్లోంచి పొలాల గట్టు మీదికి తీసుకుపోయాడు. ఒకచోట వంగి గడ్డి పక్కకు తీశాడు. సగం మట్టిలో కూరుకుపోయిన సిమెంటు రాయి. ఎర్రరంగు కాస్త మిగిలి ఉంది.

"గీ రాయి నేనే పాతిన. గిక్కడికెళ్ళి ఆ గుట్ట దాక గీత. గీతకవతల పోతది. ఇవతల పోదు."

మా వీధి ఇవతల ఉంది. నాకు వెంటనే నమ్మకం కలగలేదు. "కాయితం మారదా?" అన్నాను.

"కాయితం మారుతది. బొగ్గు మారదు. ఇవతల బొగ్గు కోసం బోర్లు ఏసినప్పుడు నేనున్న. ఉట్టి రాయే వచ్చింది. బొగ్గు గిక్కడ్నే ఆగిపోయింది."

"మరి గని మట్టి తెచ్చి మన దిక్కు పోస్తే?"

"మట్టి పోసేది వాగవతల. నువ్వు అడుగుతవని తెలుసు" అని నవ్వాడు. "గోడ కావాలంటివి గదనే. పీకమనని గోడ. ఈ చుట్టుపక్కల పోదని నాకు పక్కాగ తెలిసిన వీధి గిదొక్కటే."

ఆ గట్టు మీద నేను ఏడ్చాను. సిగ్గుపడాల్సిన ఏడుపు కాదు, సంతోషం. ఆ మనిషి విన్నాడు. ఇన్నేళ్ళు వింటూనే ఉన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే మా ఇంటి నీళ్ళ ట్యాంకు కనబడింది. దాని చుట్టూ ఎండకు మెరుస్తూ ప్యాకేజీ గదుల రేకులు కనబడ్డాయి. అప్పుడు ఏడుపు ఆగింది.

"మరి వీళ్ళందరు గదులు కట్టుకుంటుంటే నువ్వు చూస్తున్నవా?"

"ఆఫీసు ముచ్చట. బయట చెప్పేది కాదు."

"రిటైరైనవ్ గదా."

"ఇప్పుడు చెప్తే, సర్వీసుల ఉన్నప్పుడు గూడ చెప్పిన్నంటరు. చెప్పలే నేను. ఎవలకు చెప్పలే." ఆయన గొంతు గట్టిపడింది. ఆ మనిషికి సర్వీసులో మిగిలిన గౌరవమంతా అదేనని నాకు తెలుసు. అయినా బర్రె కళ్ళముందు నుంచి పోలేదు. ఇంటి దాకా నడిచి, గేటు తీస్తూ తనే అన్నాడు. "నీ ఇష్టం. నా పేరు తియ్యకు."

మధ్యాహ్నం ఆమె ఒంటరిగా బీడీలు చుడుతున్నప్పుడు పోయి పక్కన కూర్చున్నాను. "బర్రెను అమ్మకు. మన దిక్కు గని రాదు" అన్నాను.

చేతులు ఆగాయి. "ఎట్ల తెలుసక్కా?"

"ఊరికే. నాకు అనిపిస్తున్నది."

"అనిపిస్తున్నదా?" అంది. ఆకు తీసుకుని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. ఆ చుట్టడంలోనే నా మాట ఆమెకు ఎక్కలేదని తెలిసిపోయింది. బుధవారానికి ఎక్కువ రోజులు లేవు. ఇక దాచలేకపోయాను.

"సారే చెప్పిండు. రాయి కూడ చూపించిండు. పొలాల గట్టు మీదుంది, దా చూపిస్త. ఇవతల బొగ్గే లేదట."

అప్పుడు ఆమె నా మొహం చూసింది. ఈ మాట నిజమా అని కాదు, ఈ మాట తనకెందుకు చెబుతున్నానా అని చూసింది.

"బొగ్గు లేదని తెలిసి సారు గిక్కడ ఎందుకు కొన్నడు?"

"ఉండడానికి. నాకోసం."

"మామిడి చెట్లు అంత దగ్గర దగ్గర పెట్టిండు గదా."

"పండ్లు తినడానికి. ఆయనకు మొక్కలు పెట్టుడు తెల్వదు." నిజంగానే తెలియదు. సర్వీసులో కంప నరికాడు కానీ మొక్క నాటలేదు. నా చెవికే ఆ మాట అబద్ధంలా వినబడింది.

ఆమె చుట్టిన బీడీని చేటలో పెట్టింది. తర్వాత మెల్లగా, కోపం లేకుండా అంది. "మేమేమన్న మీ ప్యాకేజీల వాటా అడుగుతమా మేడం? మాది మాకొస్తది, మీది మీకొస్తది."

మేడం అంది. నేను లేచి వచ్చేశాను. ఇంట్లోకి పోయి చాలాసేపు నీళ్ళు కూడా తాగలేదు. ఆమెను తిట్టుకుందామనుకున్నాను. తిట్టు రాలేదు. ఆమె స్థానంలో నేనుంటే ఏమనేదాన్నో నాకు తెలుసు.

బుధవారం బర్రె పోయింది. దాని మెడకు పసుపు రంగు కొత్త తాడు కట్టారు. ఆమె వెంట పోలేదు, లోపలే ఉండిపోయింది. గురువారం పునాది తవ్వారు. ఒక గది అన్నవాళ్ళు రెండు గదులకు ముగ్గు పోశారు. సారు భార్య వచ్చి మరీ వద్దన్నదంటే గని దగ్గరికొచ్చిందన్నమాటేనని ఎదురింటాయన వాళ్ళకు చెప్పాడట. రెండోదానికి అప్పు కూడా తెచ్చారట. నేను చెప్పకుండా ఉంటే ఒక్క గదితో ఆగేది.

గోడలు మోకాలెత్తు లేచాక ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. వాళ్ళ బోరు ఎండిపోయిందట. "మేడం, గోడలు తడుపుకునేతందుకు నీళ్ళిస్తరా?" అంది, నా వైపు చూడకుండా.

పైపు ఇటు వెయ్యమని చెప్పి, లోపలికి పోయి మోటారు వేశాను.